డౌన్ సిండ్రోమ్ పాపాయికి నీళ్ళలో ఫిజియోథెరపీ ఎలా చేయాలి?

ఈ పిల్లల కండరాల్లో బిగువు తక్కువ. మెడ నిలపడం, బోర్లా పడడం, కూర్చోవడం అన్నీ ఆలస్యమవుతాయి. నీళ్ళు ఒంటి బరువు మోస్తాయి గనక పరుపు మీద ఎత్తలేని కాలు అక్కడ ఎత్తుతారు. నాలుగుసార్లు దింపితే నడిచేస్తారని ఎవరైనా అంటే నమ్మకండి.

దాదాపు సగం మందికి గుండెలో పుట్టులోపం ఉంటుంది. ఎకో (గుండె స్కాన్) రిపోర్టు చూసి డాక్టరు సరేనన్నాకే, ఫిజియోథెరపిస్ట్ పక్కనుండగా మొదలుపెట్టండి. జ్వరం, విరేచనాలు ఉంటే ఆ రోజు మానేయండి.

కావలసినవి: వెచ్చటి పూల్, థర్మామీటర్, స్విమ్ డైపర్, రెండు తువ్వాళ్ళు. నీళ్ళు 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్. మోచెయ్యి ముంచి చూస్తే చాలదు. పాలు తాగి గంట దాటాలి. పొద్దున పూటైతే మంచిది, సాయంత్రానికి కొందరు పిల్లలు విసిగిపోతారు. గాజులు, ఉంగరాలు తీసేయండి.

నూనె మర్దనా ఆ పూట వద్దు. అమ్మమ్మలకు కోపం వస్తుంది, రానివ్వండి. నూనె ఒళ్ళు తడి చేతుల్లో నిలవదు.

ఇక అందరూ చెడగొట్టేది పట్టు దగ్గరే. మీరు భుజాల దాకా నీళ్ళలోకి వంగి, పాపను గుండెకు ఆనించుకుని, పాదాల నుంచి మెల్లగా దింపండి. ఒళ్ళు వదులయ్యాకే వెల్లకిలా తిప్పండి. ఒక అరచెయ్యి తల వెనక, వేళ్ళు చెవుల కిందుగా. రెండో చెయ్యి నడుం కింద. చెవులు తడిసినా ఫర్వాలేదు, ముక్కూ నోరూ మాత్రం ఎప్పుడూ నీటిపైనే. తలను పైకి లేపి పట్టుకుంటే గడ్డం ఛాతీకి తగిలి ఊపిరి ఇరుకవుతుంది. వీళ్ళలో కొందరికి మెడ పైపూసల మధ్య పట్టు వదులు. అందుకే తలను వెనక్కి వాల్చడం, గిర్రున తిప్పడం, చంకల్లో పట్టి ఎగరేయడం పూర్తిగా నిషిద్ధం.

మెడకు తొడిగే గాలి రింగులు అసలే కొనకండి. ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు వాటితో ప్రాణాపాయమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లోనే హెచ్చరించింది. పైగా మెడను రింగే మోస్తే కండరం ఏం నేర్చుకుంటుంది?

తర్వాతది తేలిక. బొమ్మను పక్కకు జరిపితే చూపూ తలా అటు తిరుగుతాయి. కాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కొట్టనివ్వండి, మీరు ఆడించొద్దు. మొదట్లో పది నిమిషాలు చాలు. వణికినా, పెదవులు నీలంగా మారినా అప్పుడే బయటికి తెచ్చి తువ్వాలు చుట్టండి. పెదవుల నీలం తగ్గకపోతే నేరుగా ఆసుపత్రికి. వీడియో ఇంకోసారి తీయొచ్చు.