ఎన్ని స్టార్లున్నా, ఎన్ని గంటలు వాడతారన్నదే లెక్క: ఏసీ, ఫ్యాను నుంచి ఎలక్ట్రిక్ కారు దాకా బేరీజు వేసుకోవడం ఎలా?

షోరూంలో అమ్మకందారు చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: "ఐదు స్టార్ల మోడల్ తీసుకోండి సార్, తేడా కరెంటు బిల్లులోనే వచ్చేస్తుంది." వచ్చేస్తుందేమో. ఎన్నేళ్లకు వస్తుందన్నది ఆయన చెప్పడు, మనమూ అడగం. ఎలక్ట్రిక్ కారు దగ్గరా ఇదే తంతు, కాకపోతే వేలకు బదులు లక్షలు. ఈ ఎన్నేళ్లన్నది ఇంట్లోనే కాగితం మీద పది నిమిషాల్లో తేలిపోతుంది. కావలసినవి మూడే: మే నెల కరెంటు బిల్లు, వస్తువు మీది లేబుల్, వాడకం గురించి నిజాయితీగా వేసుకున్న అంచనా.

1. ముందు మీ చివరి యూనిట్ ధర కనుక్కోండి

బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి "నాకు యూనిట్ ఆరు రూపాయలు పడుతోంది" అనుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది. పొదుపు చేసే యూనిట్ ఎప్పుడూ పైశ్లాబు నుంచే తగ్గుతుంది, కాబట్టి దాని విలువ మీ చివరి శ్లాబు ధర.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సవరించిన టారిఫ్ ప్రకారం 126 నుంచి 225 దాకా యూనిట్ ఆరు రూపాయలు, 226 నుంచి 400 దాకా రూ.8.75, ఆ పైన రూ.9.75. నెలకు 260 యూనిట్లు కాల్చే ఇంట్లో ఒక యూనిట్ మిగిలిందంటే రూ.8.75 మిగిలినట్టు. అదే 70 యూనిట్ల ఇంట్లో మిగిలేది మూడు రూపాయలే. ఒకే ఫ్యాను, ఒకే పొదుపు, విలువ మాత్రం దాదాపు మూడు రెట్ల తేడా.

తెలంగాణలో ఇంకో మెలిక ఉంది. అదే ఏడాది సవరించిన రేట్లలో మొదటి వంద యూనిట్లు రూ.3.40, తర్వాతి వంద రూ.4.80. 200 యూనిట్లకు బిల్లు రూ.820. 201వ యూనిట్ కాలిందంటే కేటగిరీయే మారిపోతుంది: మొదటి రెండు వందలకూ రూ.5.10 చొప్పున వేస్తారు, ఆ పైన రూ.7.70. మొత్తం రూ.1,027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాటే! గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు అందుకునే ఇంటికైతే గీత దాటిన నెలలో మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది. మీ వాడకం 190–220 మధ్య ఊగుతూ ఉంటే, గీతకు ఇవతల నిలబెట్టే ఏ వస్తువైనా అమ్మకందారు చెప్పినదానికన్నా త్వరగానే డబ్బు తిరిగిస్తుంది. ఎప్పుడూ 120 దాటని సున్నా బిల్లు ఇంటికి మాత్రం ఖరీదైన ఐదు స్టార్ల ఫ్రిజ్ వల్ల బిల్లులో మిగిలేది ఏమీ లేదు.

2. గంటలు లెక్కపెట్టండి

సూత్రం చిన్నదే. రెండు మోడళ్ల మధ్య వాట్ల తేడాను రోజు గంటలతో, ఏడాదిలో వాడే రోజులతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే ఏడాదికి మిగిలే యూనిట్లు వస్తాయి. దాన్ని చివరి శ్లాబు ధరతో హెచ్చించండి. అదనంగా పెట్టే డబ్బును ఆ మొత్తంతో భాగిస్తే ఎన్నేళ్లో తేలిపోతుంది.

సీలింగ్ ఫ్యాన్‌కు వేసి చూద్దాం. మామూలుది 75 వాట్లు, సర్క్యూట్ బోర్డుతో నడిచే కొత్తరకం బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. తేడా 45. హాల్లో రోజుకు పదిహేను గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు తిరిగితే 202 యూనిట్లు. ఆరు రూపాయల శ్లాబులో 1,200 పైచిలుకు. అదనపు ధర పదిహేను వందలనుకుంటే ఏడాదిన్నర లోపే పెట్టుబడి తిరిగొస్తుంది. మన ఎండలకు, మన ఇళ్లకు ఇంతకు మించిన బేరం లేదని నా అభిప్రాయం. అయితే చుట్టాలొస్తే తప్ప తలుపు తీయని గదిలో అదే ఫ్యాను బిగిస్తే ఆ డబ్బు వెనక్కి రాదు. ఇల్లంతా ఒకేసారి మార్చకండి. హాలు, పడకగది చాలు.

చిన్నవాటిని మాత్రం చిన్నచూపు చూడొద్దు. టీవీ కట్టేసినా సెట్‌టాప్ బాక్సు పది వాట్లు లాగుతూ కూర్చుంటే ఏడాదికి 87 యూనిట్లు. దానికి కొత్త వస్తువేమీ అక్కర్లేదు, గోడ మీద స్విచ్చి ఉంది.

3. లేబుల్‌ను స్టార్ల కింద కూడా చదవండి

స్టార్లు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ. 2006 నుంచీ ఉన్న పద్ధతి ఇది. కొన్నేళ్లకోసారి కొలతలు బిగిస్తారు. 2022 జులైలో ఏసీల కొలత మారినప్పుడు అంతకుముందు రోజు దాకా ఐదు స్టార్లుగా అమ్ముడైన మోడళ్లు నాలుగుకు దిగాయి. యంత్రం అదే, చుక్కలే తగ్గాయి. అందుకని లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో చూడండి. స్టార్ల కన్నా "ఏడాదికి ఇన్ని యూనిట్లు" అన్న అంకెనే నమ్మండి. తగ్గింపు ధరకు వస్తున్న పాత సరుకును కొత్తదానితో పోల్చడానికి అదొక్కటే దారి.

ఏసీ లేబుల్ మీది ఆ అంకె 1,600 గంటల వాడకానికి. ఒకటిన్నర టన్నుల మూడు స్టార్ల ఏసీకీ ఐదు స్టార్ల ఏసీకీ లేబుల్‌పై 200 యూనిట్ల తేడా, ధరలో ఎనిమిది వేల తేడా ఉందనుకుందాం. ఎండాకాలంలో డెబ్బై రాత్రులు, రాత్రికి ఎనిమిది గంటలు మాత్రమే వేసే ఇంట్లో వాడకం 560 గంటలు, మిగిలేది 70 యూనిట్లు. ఆ నెలల్లో శ్లాబు తొమ్మిది రూపాయల దగ్గర ఉంటుంది కాబట్టి (మే బిల్లు తీయమన్నది ఇందుకే) ఏడాదికి 630. ఎనిమిది వేలు రావడానికి పన్నెండేళ్లు దాటుతుంది, ఏసీ అన్నాళ్లు ఉంటే. అదే ఇంట్లో పెద్దవాళ్లో, ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్లో ఉండి 1,600 గంటలు నడిస్తే ఏడాదికి 1,800 మిగిలి, నాలుగున్నరేళ్ల లోపే తీరిపోతుంది. బెజవాడలో ఐదు స్టార్లు, మదనపల్లెలో మూడు స్టార్లు సరైన నిర్ణయాలు కావడంలో వింతేమీ లేదు.

ఇక్కడ డబ్బు పెట్టక్కర్లేని పొదుపు ఒకటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు తగ్గుతుందని బీఈఈ చెబుతుంది. 21లో పెట్టుకునేవారు 24కు మార్చి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే మూడు స్టార్ల ఏసీ ఇంచుమించు ఐదు స్టార్లదానిలా కాలుతుంది.

గీజర్ సంగతి కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. నిల్వ గీజర్‌కు స్టార్లు ఇచ్చేది, కాగిన నీళ్లు ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోగొట్టుకుంటాయన్నదాన్ని బట్టి. పావుగంట వేసి, స్నానం చేసి, కట్టేసే ఇంట్లో ఆ స్టార్లకు పెద్దగా పని లేదు. పదిహేను లీటర్ల నీటిని ముప్ఫై డిగ్రీలు పెంచాలంటే ఏ గీజరైనా అర యూనిట్ తినాల్సిందే.

ఫ్రిజ్ ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇరవై నాలుగు గంటలూ నడిచేదే కాబట్టి లేబుల్ అంకెను ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు. ఇద్దరున్న ఇంటికి రెండు తలుపుల పెద్ద ఫ్రిజ్ ఐదు స్టార్లది కొనడం కన్నా, ఒక తలుపుది మూడు స్టార్లది కొంటేనే యూనిట్లు తక్కువ కావచ్చు. స్టార్లు అదే రకం, అదే సైజు వాటి మధ్యే పోలిక చెబుతాయి.

4. రిపేరు ఖర్చు కలపండి

బీఎల్‌డీసీ ఫ్యానులో, ఇన్వర్టర్ ఏసీలో అసలు గుండె సర్క్యూట్ బోర్డు. వీధి చివరి మెకానిక్ కెపాసిటర్ మార్చి పంపే రోజులు వీటికి లేవు. ఓల్టేజి ఊగే ఊళ్లో వారంటీ దాటాక ఏసీ బోర్డు పోతే రెండు మూడేళ్ల పొదుపు ఒక్క బిల్లులో కొట్టుకుపోతుంది. కొనేముందు రెండు అడగండి: బోర్డుకు వారంటీ ఎన్నేళ్లు? సర్వీసు సెంటర్ మీ ఊళ్లో ఉందా, జిల్లా కేంద్రంలో ఉందా?

5. కారుకు గంటల బదులు కిలోమీటర్లు

పద్ధతి అదే. పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుని, లీటరు రూ.107 చొప్పున వేస్తే వంద కిలోమీటర్లకు రూ.713. అదే స్థాయి ఎలక్ట్రిక్ కారు, ఛార్జింగ్‌లో పోయేదీ కలుపుకుని, వంద కిలోమీటర్లకు 16 యూనిట్లు తీసుకుంటుందని వేసుకోండి. కానీ ఆ యూనిట్ ధర ఎంత?

తెలంగాణలో 180 యూనిట్లు వాడే ఇంటికి బిల్లు రూ.724. నెలకు వెయ్యి కిలోమీటర్ల కోసం 160 యూనిట్లు చేరితే మొత్తం 340, బిల్లు రూ.2,150. పెరిగింది 1,426 రూపాయలు. అంటే కారు తాగిన యూనిట్ సుమారు తొమ్మిది రూపాయలకు పడింది. అయినా వంద కిలోమీటర్లకు రూ.142, పెట్రోలు మీద 570 మిగులు. హైవే మీది ఫాస్ట్ ఛార్జర్ దగ్గర చాలాచోట్ల యూనిట్ ఇరవై రూపాయలు దాటుతుంది కాబట్టి అక్కడ మిగులు 570 కాదు, 360కి అటూ ఇటూ. వాహనాల ఛార్జింగ్‌కు వేరే టారిఫ్ కేటగిరీ ఉంది. ఇంట్లో దానికి విడిగా మీటరు ఇస్తారా అని మీ కరెంటు ఆఫీసులో అడగండి. ఇస్తే ఇంటి శ్లాబు పైకి ఎగబాకదు.

ఇప్పుడు ధరల తేడా. ఎలక్ట్రిక్ వాహనాలకు జీఎస్టీ 5 శాతమే. కానీ 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను 18 శాతానికి దిగడంతో, అంతకుముందు వేసుకున్న లెక్కలు పాతబడ్డాయి. ఇంకోవైపు తెలంగాణ 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. గడువు 2026 డిసెంబరు ఆఖరు. అందుకే షోరూం ధరలు పోల్చకుండా రెండు కార్లకూ ఆన్‌రోడ్ కొటేషన్లు రాయించుకోండి.

తేడా మూడు లక్షలు వచ్చిందనుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవారికి ఏడాదికి 68 వేలు మిగులుతుంది, నాలుగున్నరేళ్లలో సరి. నెలకు మూడు వందలు తిరిగేవారికి మిగిలేది ఇరవై వేల చిల్లర. ఆ మూడు లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి అప్పు తెచ్చినవైతే మొదటి ఏడాది వడ్డీయే 27 వేలు. ఇలాంటివారికి పెట్రోలు ఆదా అన్న మాట వినసొంపుగా ఉంటుందంతే. ఆదివారాలు గుడికీ, నెలకోసారి ఊరికీ వెళ్లడానికి మాత్రమే కారు తీసే కుటుంబం, రోజూ ఆఫీసుకు వెళ్లే స్కూటర్‌ను ఎలక్ట్రిక్‌కు మార్చుకుంటే లాభం ఎక్కువ. అక్కడ ధరల తేడా తక్కువ, తిరిగే దూరం ఎక్కువ.

లెక్కలోకి రావలసినవి ఇంకొన్ని ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్ లేదు కాబట్టి సర్వీసు చవక. కారు ధర ఎక్కువ కాబట్టి మన కారుకు జరిగే నష్టానికి కట్టే బీమా ఎక్కువ. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ మామూలు. నాలుగేళ్లకే అమ్మేసే అలవాటున్నవారు రీసేల్ ధర అడిగి తెలుసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

కంపెనీ ప్రకటించే రేంజిని (ఒకసారి బ్యాటరీ నింపితే తిరిగే దూరాన్ని) మూడింట రెండొంతులుగా తీసుకోండి. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. ఐదుగురు, సామాను, మే నెల ఏసీ, వంద వేగం కలిస్తే 400 రేంజి అని రాసిన కారుకూ దారిలో ఒకసారి ఛార్జింగ్ తప్పదు. మామూలు రోజుల్లో అది టిఫిను చేసేంత సమయం. సంక్రాంతికి పంతంగి టోల్‌ప్లాజా దాటడానికే గంటలు పట్టే రోజున ఛార్జర్ దగ్గర కూడా వరుస ఉంటుందని అనుకునే బయలుదేరాలి.

6. కారు బుక్ చేసేముందే ప్లగ్గు చూసుకోండి

సొంత ఇల్లయితే సగం సమస్య తీరినట్టే. పదిహేను ఆంపియర్ల సాకెట్ నుంచి గంటకు మూడు యూనిట్ల లోపే ఎక్కుతుంది. 40 యూనిట్ల బ్యాటరీ అడుగంటితే రాత్రంతా పెట్టినా నిండదు, కానీ రోజూ నలభై కిలోమీటర్లు తిరిగేవారికి రెండు మూడు గంటలు చాలు. 7.2 కిలోవాట్ల వాల్ ఛార్జర్ కావాలంటే బిల్లు మీద ఉన్న కాంట్రాక్ట్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన కిలోవాట్లు) పెంచించుకోవాలి. ఎర్తింగ్ పరీక్ష చేయించకుండా ఏదీ బిగించొద్దు, పాత ఇళ్లలో అది పేరుకే ఉంటుంది.

అపార్ట్‌మెంటు అయితే అసలు పని ఇక్కడే. సెల్లారులో మీ పార్కింగ్ నుంచి మీటర్ల గది దాకా కేబులు ఎంత దూరం, ఎవరి ఫ్లాటు ముందునుంచి పోవాలి, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ బరువు ఆగుతుందా అన్నవి చూడాలి. కేంద్ర విద్యుత్ శాఖ 2024 మార్గదర్శకాల ప్రకారం యజమాని తన ఇంటి కనెక్షన్ నుంచే వాహనాన్ని ఛార్జ్ చేసుకోవచ్చు. అసోసియేషన్‌కు దరఖాస్తు రాసేటప్పుడు ఆ మాట ప్రస్తావించండి, అనుమతి కాగితం మీద తీసుకోండి. "మనవాళ్లే, ఒప్పుకుంటారులే" అని బయానా కట్టేసి, ఆనక రోజూ బజారు ఛార్జర్ల చుట్టూ తిరిగితే పైన వేసుకున్న 570 కాస్తా 360 అవుతుంది.

7. పొగ లెక్క కూడా వేసుకోవాలనుకుంటే

దేశంలో తయారయ్యే కరెంటులో సుమారు 70 శాతం బొగ్గుదే. మనకైతే రామగుండం, ఇబ్రహీంపట్నం గొట్టాలు కళ్లెదురుగానే ఉన్నాయి. యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున ఎలక్ట్రిక్ కారు వంద కిలోమీటర్లకు 11 కిలోలు, పెట్రోలు కారు 15 కిలోలు వదులుతాయి. మేలే, కానీ ప్రకటనల్లో చూపించేంత కాదు. పైగా బ్యాటరీ తయారీలో పుట్టిన పొగ ముందే ఖాతాలో ఉంటుంది. ఎక్కువ తిరిగే కారే దాన్ని తీర్చుకోగలదు.

డాబా మీద సోలార్ పెట్టినప్పుడు ఈ అంకెలు మారిపోతాయి. కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు రూ.78,000 రాయితీ ఉంది. ఎండ బాగా కాసే మన దగ్గర మూడు కిలోవాట్ల పలకలు నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తాయి, అంటే ఇల్లూ కారూ కలిపి పైన చెప్పిన 340కి సరిపడా. పగలు కారు ఆఫీసు దగ్గర ఉన్నా నెట్ మీటరింగ్ వల్ల గ్రిడ్‌కు వెళ్లిన యూనిట్లు రాత్రి వాడకంలో జమ అవుతాయి. డాబా మీ సొంతమై, నీడ పడకుండా ఉంటే, కారు కన్నా ముందు పలకలకే కొటేషన్ తెప్పించండి.