జపాన్ బడిలో పనుల పంపకం పట్టిక వేయడం ఎలా?

జపాన్ ప్రాథమిక పాఠశాలలో పాఠం చెప్పడంతో టీచరు పని అయిపోదు. టైంటేబుల్, ఆరోగ్య పరీక్షలు, లైబ్రరీ, అగ్నిప్రమాద డ్రిల్లు, ఆటల పోటీలు అన్నీ సిబ్బందే పంచుకుంటారు. ఆ పంపకాన్నే ‘కోము బున్షో’ అంటారు. ఖరారు చేసేది ప్రధానోపాధ్యాయుడే అయినా, కసరత్తులో ఎక్కువ భాగం ‘క్యోతో’ అనే ఉప ప్రధానోపాధ్యాయుడి మీద పడుతుంది. కొత్త ఏడాది ఏప్రిల్ 1న మొదలవుతుంది కనుక చిత్తుప్రతి మార్చిలోనే సిద్ధం కావాలి.

ముందు పేర్లు రాయకండి. పనులు మాత్రమే రాయండి. పేర్లతో మొదలుపెడితే నిరుటి పట్టికే తిరిగొస్తుంది. తర్వాత కొట్టివేతలు: జపాన్ విద్యాశాఖకు సలహాలిచ్చే కేంద్ర విద్యా మండలి 2019 జనవరిలో 14 రకాల పనులను మూడు వర్గాలుగా విడదీసింది. బడికి వచ్చిపోయే దారిలో పిల్లలకు కాపలా, ఫీజుల వసూలు బడి బాధ్యతే కాదని చెప్పింది. వాటిని పట్టికలోంచి తీసేయండి.

ఇప్పుడు మిగిలినవాటిని బోధన ప్రణాళిక, పరిశోధన, పిల్లల క్రమశిక్షణ, ఆరోగ్యం వంటి విభాగాల కింద చేర్చండి. బోధన ప్రణాళిక చూసే ‘క్యోము షునిన్’కు వీలైతే తరగతి బాధ్యత ఇవ్వకండి. టైంటేబుల్ మార్పులన్నీ ఆయన దగ్గరికే వస్తాయి.

ప్రతి పనికీ ఒక ముఖ్యుడు, ఒక సహాయకుడు ఉండాలి. ఇద్దరూ ఒకే తరగతి టీచర్లు కాకూడదు. ఇద్దరూ ఆరో తరగతివారైతే, ఆ తరగతి విహారయాత్రకు వెళ్లిన రోజు పట్టికలో ఆ వరుస మొత్తం ఖాళీ అవుతుంది. డ్రిల్లు వరుసనే తీసుకోండి: తేదీ, దారి పటం, అగ్నిమాపక కేంద్రానికి కబురు, చివరగా తలల లెక్క. సెక్షన్ టీచరు ఆ తరగతి సెక్షన్లన్నిటికీ పెద్దగా ఉండే టీచరుకు, ఆయన క్యోతోకు లెక్క చెప్పాలి. టీచరు సెలవులో ఉంటే ఎవరు లెక్కపెడతారో ఆ గడిలోనే రాసిపెట్టండి. చాలాచోట్ల తప్పిపోయేది ఇదే.

భారాన్ని పనుల సంఖ్యతో కాదు, నెలలతో తూచండి. ఆరోగ్య పరీక్షలు ఏటా జూన్ 30లోగా పూర్తికావాలి. అందుకే ఆ పని చూసేవారికి ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇంకేదీ పెట్టకండి. అదనపు పనివేళలకు నెలకు 45 గంటల పరిమితి ఉంది. ఏ పేరు దగ్గరైనా అది దాటేలా ఉంటే అక్కడే సర్దండి. కొత్తగా చేరిన టీచరుకు మొదటి ఏడాదంతా తప్పనిసరి శిక్షణ ఉంటుంది, సహాయకుడి స్థానమే ఇవ్వండి.

బదిలీల వల్ల కొన్ని గడులు చివరిదాకా ఖాళీగా ఉండిపోతాయి. అందుకే పాతవారు వెళ్లేలోపు ఒక్కో పనికీ ఒక పేజీ రాయించుకోండి: ఏ తేదీన ఏం చేశారు, ఎవరికి ఫోన్ చేశారు, ఎన్ని కాగితాలు అచ్చు వేశారు. సిబ్బంది సమావేశంలో పట్టిక పెట్టేముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి.