నాలుగు పేజీల యుద్ధ కామిక్ వేయడం ఎలా

1961లో మొదలైన బ్రిటిష్ యుద్ధ కథల బొమ్మల పుస్తకాలు, కమాండో కామిక్స్, ఇప్పటికీ వస్తున్నాయంటే అది ఒక్క ట్యాంకుల గొప్పే కాదు, వాటికి ఎదురు నిలబడ్డ మామూలు సిపాయిది కూడా. అందుకే కథకి ఒక్క మనిషి, ఒక్క పని చాలు: కబురు చేర్చాలి, లేదా వంతెన దాటాలి.

పెన్సిల్ పట్టేముందే ఏ సంవత్సరమో, ఏ సైన్యమో ఖాయం చేసుకోండి. 1914 నాటి బ్రిటిష్ సిపాయికి ఉక్కు హెల్మెట్ పెడితే తప్పు. అది వచ్చింది 1915లో. అంతకుముందు గుడ్డ టోపీయే. ఈ కథలు చదివేవాళ్లు బొత్తాలు కూడా లెక్కపెడతారు మరి!

పేజీకి 5 లేదా 6 గడులు. మొదటి గడిలో చోటంతా కనబడాలి. మనవాళ్లు ఎడమ నుంచి కుడికి కదులుతుంటే చివరిదాకా అలాగే ఉంచండి, లేకపోతే పారిపోతున్నట్టు ఉంటుంది. 1వ పేజీ కుడివైపు వస్తే పేలుడుని 4వ పేజీకి దాచండి. 3లో పెడితే, అది 2కి పక్కనే ఉంటుంది కాబట్టి 2 చదువుతుండగానే కన్ను అటు పోతుంది. పేలుడు ముందు గడిలో మాటలొద్దు. తడిసిన అగ్గిపుల్ల గీస్తున్న వేళ్లు చాలు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇంకు దగ్గర. పొగంతా నల్లగా నింపేస్తే మనుషులు అందులో కలిసిపోతారు. ఒంటి చుట్టూ ఒక మిల్లీమీటరు తెలుపు వదలండి. ‘ధడేల్’కి చోటు మాత్రం పెన్సిల్ దశలోనే ఉంచుకోవాలి.