రెండు గ్లాసుల పద్ధతిని మాన్పించడం ఎలా?

టీ కొట్టులో దళితులకు విడిగా గ్లాసు పెడుతున్నారంటే అది ఊరి ఆచారం కాదు, 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. కొన్నిచోట్ల అది కొందరికి గాజు గ్లాసు, మరికొందరికి కాగితం కప్పుగా రూపం మార్చుకుంది కాబట్టి, ఎవరి చేతికి ఏది అందుతోందో, తాగిన గ్లాసును ఎవరిచేత కడిగిస్తున్నారో గమనించి, తేదీలతో సహా రాసిపెట్టుకోవాలి.

ముందుగా అగ్రకులాలవారే కొందరు, తమకూ పక్కవారికీ ఒకే రకం గ్లాసులో పొయ్యమని పట్టుబట్టడం మేలు. బేరం పోతుందన్న భయం ఉపన్యాసాలకన్నా త్వరగా పనిచేస్తుంది. బాధితులను ముందుకు తోసి తాము వెనక నిలబడడం మాత్రం తగదు, ఎందుకంటే మర్నాడు కూలిపని ఆగిపోయేది వారికే. అప్పటికీ మారకపోతే పోలీసులకు గానీ తహసీల్దారుకు గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తప్పక తీసుకోవాలి. జాతీయ హెల్ప్‌లైన్ 14566కు ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.