పాత పికప్‌కు కొత్త రంగు: ఏ పెయింట్ తీసుకోవాలి, ఎలా వేయాలి?

మాది భీమవరం వైపు చేపల లోడు తోలే బొలెరో పికప్. ఐసు కరిగిన నీళ్లు రోజంతా కారుతూనే ఉంటాయి. మొదటిసారి రంగు వేయించినప్పుడు పనివాళ్లు తుప్పు మీదే లప్పం పెట్టి, నున్నగా మెరిపించి ఇచ్చారు. ఒక్క వర్షాకాలం గడిచేసరికి డోర్ల కింద బుడగలు లేచాయి. గోటితో గీకితే లప్పం పెచ్చులుగా ఊడింది, లోపల రేకుకు చిల్లులు. రెండోసారి దగ్గరుండి చేయించాను. ఇప్పుడు చెప్పేది ఆ పద్ధతే.

1. రంగు మార్చాలా?

నా సలహా, పాత రంగే ఉంచండి. ఆర్‌సీలో బండి రంగు రాసి ఉంటుంది. మార్చితే ఆర్టీఓ దగ్గర దరఖాస్తు పెట్టి ఆర్‌సీలో కొత్త రంగు ఎక్కించుకోవాలి. మిలిటరీ ఆలివ్ గ్రీన్ అయితే అసలు వేయకూడదు. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం అది రక్షణ శాఖ బండ్లకే. పైగా రంగు మారిస్తే డోర్ల లోపలి అంచులు, బానెట్ కింద, క్యాబిన్ లోపల కూడా వేయాలి. పని దాదాపు రెట్టింపు అవుతుంది.

2. పాత పెయింట్ ఏదో చూసుకోండి

కనిపించని చోట, తెల్లటి గుడ్డను ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో తడిపి అర నిమిషం రుద్దండి. రంగు కరిగి గుడ్డకు అంటితే అది ఎన్‌సీ పెయింట్. ముడతలు పడితే సింథటిక్ ఎనామెల్. ఏమీ కాకపోతే గట్టిపడిన 2కె పెయింట్ (హార్డ్‌నర్ అనే గట్టిపరిచే ద్రవం కలిపి వాడేది) లేదా కంపెనీ పెయింట్ అనుకోవచ్చు. ఈ పరీక్ష తప్పకుండా చేయండి. ఎనామెల్ మీద ఘాటైన థిన్నర్ కలిసిన పెయింట్ కొడితే కింది పొర లేచి, కొత్త రంగంతా ముడతలు పడుతుంది. అలాంటి బండికి పాత పొరంతా గీకేయడమే మంచిది.

3. క్యాబిన్‌కు ఒకటి, వెనక బాడీకి ఒకటి

చాలామంది బండి మొత్తానికి ఒకే పెయింట్ కొడతారు. లోడు బండికి అది సరిపడదని నా నమ్మకం.

క్యాబిన్‌కు హార్డ్‌నర్ కలిపే 2కె పీయూ (పాలియురెథేన్) పెయింట్ తీసుకోండి. ఎండకు త్వరగా వెలిసిపోదు, డీజిల్ ఒలికినా తుడిస్తే పోతుంది. మెటాలిక్ రంగు అయితే పైన క్లియర్ కోట్ (రంగులేని మెరుపు పూత) తప్పదు. మామూలు తెలుపుకు అది అక్కర్లేదు, ఒకే రకం పెయింట్‌తో పని అయిపోతుంది, గీత పడినా సరిచేయడం తేలిక. ఎన్‌సీ చవక, నిమిషాల్లో ఆరుతుంది, కానీ మన ఎండలకు తొందరగా మెరుపు పోతుంది.

వెనక బాడీలో రోజూ క్రేట్లు లాగుతాం, గీతలు పడకుండా ఏ పెయింటూ ఆపలేదు. అక్కడ రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), దాని మీద సింథటిక్ ఎనామెల్ చాలు. ఏడాదికోసారి మనమే బ్రష్‌తో సరిదిద్దుకోవచ్చు. రెడ్ ఆక్సైడ్ మీద మాత్రం పీయూ కొట్టకండి, లేచిపోతుంది.

4. తుప్పు, సొట్టలు

డబ్బు, ఓపిక ఇక్కడే ఎక్కువ పెట్టాలి. ముందు సబ్బు నీళ్లతో కడిగి, గ్రీజు, ఆయిల్ పూర్తిగా తీసేయండి. జిడ్డు ఉండగా రుద్దితే అది గీతల్లోకి దిగిపోతుంది. రబ్బర్లు, లైట్లు, హ్యాండిళ్లు విప్పించండి. టేపు వేసి పని కానిస్తే అంచు దగ్గర నుంచే పెయింట్ లేస్తుంది.

తుప్పును వైర్ బ్రష్, గ్రైండర్‌తో రేకు తెల్లగా మెరిసేదాకా తీయాలి. చిల్లు పడితే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించండి. లప్పంతో పూడ్చనివ్వకండి. రేకు తేలగానే, అదే రోజు క్యాబిన్‌కు ఎపాక్సీ ప్రైమర్, వెనక బాడీకి రెడ్ ఆక్సైడ్ కొట్టించాలి. కోస్తా గాలికి రాత్రికి రాత్రే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

సొట్టను టింకరింగ్‌తో (సుత్తితో కొట్టి రేకు సరిచేసే పని) వీలైనంత లేపాకే లప్పం. 3 మిల్లీమీటర్ల కంటే మందం వద్దు. 100 గ్రాముల లప్పానికి హార్డ్‌నర్ 2 గ్రాములు, మహా అయితే 3. ఆరాక 80, తర్వాత 180 నంబర్ ఎమరీ పేపర్‌తో పొడిగానే రుద్దించండి. దుమ్ము లేవకూడదని నీళ్లు పోసి రుద్దేవాళ్లుంటారు. లప్పం ఆ నీటిని పీల్చుకుని లోపలే ఉంచుకుంటుంది, తర్వాత బుడగలై బయటికొస్తుంది. మా బండికి ఇది కూడా జరిగింది.

దానిపైన 2కె ప్రైమర్ రెండు, మూడు కోట్లు వేసి, ఆరాక 400 నుంచి 600 వాటర్ పేపర్‌తో నున్నగా చేయాలి.

5. స్ప్రే చేసే రోజు

మా వైపు సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా మంచి కాలం. మంచు ఆరిపోయి, రేకు పొడిగా ఉన్నాకే మొదలుపెట్టండి. నడి వేసవిలో పెయింట్ రేకును తాకేలోపే ఆరి గరుకుగా పడుతుంది. తప్పకపోతే నెమ్మదిగా ఆరే థిన్నర్ అడగండి. ముసురు పట్టిన రోజు పని వాయిదా వేయండి, టెన్షన్ పడి కానిచ్చేయవద్దు.

కంప్రెషర్ ట్యాంకులో చేరిన నీళ్లు ముందే వదిలేయాలి. పెయింట్, హార్డ్‌నర్ పాళ్లు డబ్బా మీద ఉన్నట్టే, కొలిచి కలపాలి. 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్‌తో, గన్ రేకుకు జానెడు దూరంలో, ఒకే వేగంతో కదలాలి. ముందు పలుచగా ఒక కోటు, పది పదిహేను నిమిషాలు ఆగి నిండుగా రెండు కోట్లు.

హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు, ఒకసారి పడకపోతే జీవితాంతం ఆస్తమా వెంటాడవచ్చు. ముక్కుకు కట్టుకునే రుమాలు దాన్ని ఆపదు. బయటి నుంచి మంచి గాలి అందే మాస్క్ ఉంటే మేలు, కనీసం ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ మాస్క్, కళ్లద్దాలు, గ్లవ్స్ ఉండాలి. ఇవేవీ లేకుండా కొట్టే పెయింటర్ తమ్ముళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మీ బండి పనికి మాస్క్ మీరే కొనివ్వండి.

6. బండి బయటికి తీసేముందు

ఛాసిస్‌కు నల్ల పెయింట్ కొట్టేటప్పుడు ఛాసిస్ నంబర్ మీద టేపు వేయించండి. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది, నంబర్ కనిపించకపోతే అక్కడే ఆపేస్తారు. రిఫ్లెక్టర్ టేపులు కొత్తవి అంటించాలి: ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు.

కనీసం వారం దాకా షాంపూ, ప్రెషర్ వాష్ వద్దు. హార్డ్‌నర్ కలపని పెయింట్ మిగిలితే చిన్న డబ్బాలో గట్టిగా మూతపెట్టి, షేడ్ నంబర్ రాసి దాచండి. రేపు క్యాబిన్ మీద గీత పడి రేకు కనిపిస్తే, తుప్పు పట్టేలోపు అదే రోజు హార్డ్‌నర్ కలిపి పూయడానికి పనికొస్తుంది.