ఇంగ్లండ్‌లో అలాట్‌మెంట్ చూడ్డానికి వెళ్లేముందు

అలాట్‌మెంట్ అంటే కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న నేల ముక్క. కొత్త ఊళ్లో కౌన్సిల్ (స్థానిక సంస్థ) నుంచి మీ వంతు వచ్చిందని మెయిల్ రాగానే సరే అనేయకండి.

• పూర్తి ప్లాటంటే అక్కడి పాత కొలతలో 10 రాడ్లు, సుమారు 250 చదరపు మీటర్లు, మన లెక్కలో 300 గజాలు. ఉద్యోగస్తులకు సగం ప్లాటే ఎక్కువ.

• బూట్లు కడుక్కుని వెళ్లండి. క్యాబేజీ జాతి వేళ్లను ముద్దలా ఉబ్బించే క్లబ్‌రూట్ తెగులు బూట్లకంటిన మట్టితో కూడా పాకుతుంది, 20 ఏళ్ల దాకా నేలను వదలదు. "ఇక్కడ క్యాబేజీ బాగా వస్తుందా?" అని పక్క ప్లాటువాళ్లను అడిగితే చాలు, సంగతి తెలిసిపోతుంది.

• అడిగి, జానెడు లోతు తవ్వి చూడండి. తెల్లగా, లావుపాటి దారంలా ఉండి పుటుక్కున తెగే వేళ్లు బైండ్‌వీడ్ అనే తీగ కలుపుమొక్కవి. చిన్న ముక్క మిగిలినా మొలుస్తుంది. అందుకే దానిమీద రోటవేటర్ తిప్పారో, ఒకటి వందవుతుంది.

• గేటు దగ్గర ఉచితంగా పోసిన గుర్రపు ఎరువును నమ్మకండి. గడ్డిమీద కొట్టిన అమినోపైరలిడ్ కలుపుమందు గుర్రం కడుపులోంచి కూడా చెక్కుచెదరకుండా వస్తుంది. టమాటా, చిక్కుడు ఆకులు ముడుచుకుపోతాయి. ఒక కుండీలో ఎరువు కలిపి, ఇంకోదాంట్లో కలపకుండా బ్రాడ్ బీన్ (ఒక రకం చిక్కుడు) గింజలు నాటి, నెల్లాళ్లు పోల్చి చూడండి.

• పాత షెడ్డుకు ముడతల సిమెంటు రేకులుంటే ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. విరగ్గొట్టొద్దు, సంతకానికి ముందే తీయించమనండి.

• నీళ్ల తొట్టి ఎంత దూరం? చలికాలం కట్టేస్తారా?

• గ్రీన్‌హౌస్‌కు అనుమతుందా? మెంతి, కొత్తిమీర బయటే వస్తాయి. గోంగూర మాత్రం ఆ చలికి బయట ఎదగదు.