స్నోమ్యాన్ ట్రెక్: లునానా లోయల్లోకి వెళ్లేముందు సిద్ధపడవలసిన తీరు

భూటాన్‌లో పారో లోయ నుంచి ఉత్తరంగా బయలుదేరి, టిబెట్ సరిహద్దు పర్వతాల కిందుగా లింగ్షి, లయా, లునానా ప్రాంతాల మీదుగా తూర్పుకు సాగి, సెఫు దగ్గర మళ్లీ తారు రోడ్డు ఎక్కే కాలినడక దారిని స్నోమ్యాన్ ట్రెక్ అంటారు. విశ్రాంతి రోజులతో కలిపి సుమారు 25 రోజులు పడుతుంది. దారిలో పదికి పైగా కనుమలు దాటాలి. వాటిలో చాలా వరకు 4,500 మీటర్లకు పైన ఉంటాయి. అన్నిటికన్నా ఎత్తయిన రించెన్ జో లా 5,320 మీటర్లు. అక్కడి భాషలో ‘లా’ అంటే కనుమ.

ఈ అంకెలు చూసినవారు ఎత్తే అసలు కష్టమని అనుకుంటారు. నడిచి వచ్చాక నాకు అర్థమైంది వేరు. హిమాలయాల్లో చాలా దారుల్లో ఒంట్లో బాగాలేకపోతే అదే రోజు కిందికి దిగిపోవచ్చు. ఇక్కడ కొన్ని రోజులపాటు ఆ అవకాశం లేదు, ఎందుకంటే దిగాలంటే ముందు మరో కనుమ ఎక్కాలి. అందువల్ల ఈ ప్రయాణానికి ప్రణాళిక వేసేటప్పుడు ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు అన్నదానికంటే, ఎక్కడిదాకా వెనక్కి రావచ్చు, ఎక్కడ దాటితే రాలేము అన్న లెక్క ముందు వేసుకోవాలి.

ఆ లెక్క ఇలా ఉంటుంది. మొదటి భాగం పారో నుంచి 4,080 మీటర్ల ఎత్తున, జొమోల్‌హరి శిఖరం పాదాల దగ్గర ఉన్న జాంగోథాంగ్ వరకు. అక్కడి నుంచి వచ్చిన దారినే రెండు రోజుల్లో దిగిపోవచ్చు. తర్వాత న్యిలే లా దాటి లింగ్షికి, ఆపైన 5,005 మీటర్ల సించే లా దాటి లయాకు చేరతాము. దాదాపు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న లయా ఈ మొత్తం దారికి గడప లాంటిది. అక్కడి నుంచి గాసా వైపు దిగితే వాహనాలు తిరిగే రోడ్డు దొరుకుతుంది. లయా దాటి రొడోఫు, నారెథాంగ్ మీదుగా గాంగ్లా కర్చుంగ్ లా ఎక్కి తరీనా లోయలోకి దిగాక మాత్రం లునానాలో ఉన్నట్టే. అక్కడి వోచే, ల్హేది, చోజో, థాంజా గ్రామాలకు ఏ వైపు నుంచి వెళ్లాలన్నా ఎత్తయిన కనుమ దాటక తప్పదు. మంచు పడితే ఆ గ్రామాలు నెలల తరబడి బయటి ప్రపంచానికి దూరమవుతాయి.

అయితే అన్నిటికన్నా జాగ్రత్తగా ఆలోచించవలసిన చోటు థాంజా తర్వాత వస్తుంది. థాంజా ఎత్తు దాదాపు 4,100 మీటర్లు. అక్కడి నుంచి 5,251 మీటర్ల జాజే లా ఎక్కి, అవతల 4,970 మీటర్ల ఎత్తున ఉన్న త్సోచెనా సరస్సు పక్కన బస చేస్తారు. మరుసటి రోజు 5,140 మీటర్ల లోజు లా దాటి, 5,050 మీటర్ల జిచు డ్రామోలో పడుకుంటారు. మూడో రోజు రించెన్ జో లా. త్సోచెనాలో రాత్రి మీకు ఎత్తు జబ్బు (పైన గాలి పలచబడటంవల్ల వచ్చేది, కిందికి దిగితేనే తగ్గేది) చేసి తలనొప్పి ముదిరి, అడుగులు తడబడటం మొదలైందనుకోండి. వెనక్కి వెళ్లాలంటే దాదాపు 300 మీటర్లు ఎక్కి జాజే లా దాటాలి. ముందుకు వెళ్లాలంటే లోజు లా ఎక్కినా, అవతల ఉన్న బస ఇంకా ఎత్తు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్న మాటకు ఇంతకన్నా సరైన చోటు నేను చూడలేదు. కాబట్టి ఆరోగ్యం గురించి నిజాయితీగా నిర్ణయం తీసుకోవలసింది త్సోచెనాలో కాదు, థాంజాలో. అక్కడ కనీసం ఒక పూర్తి విశ్రాంతి రోజు ఉండాలి. ఆ రోజు మీకు ఆకలి, నిద్ర, నడక మామూలుగా ఉన్నాయా అని గైడ్‌తో కలిసి చూసుకోవాలి. సందేహం ఉంటే ఇంకో రోజు ఆగాలి.

సమయం ఎంచుకోవడం కూడా ఇదే లెక్కలో భాగం. సెప్టెంబరు వరకు వర్షాలు, బురద, జలగలు ఉంటాయి. నవంబరు వచ్చేసరికి కనుమల మీద మంచు పేరుకుంటుంది. ఈ రెండింటి మధ్య దొరికే సందు చాలా చిన్నది. సెప్టెంబరు చివరి పది రోజుల్లో బయలుదేరి, అక్టోబరు మధ్యకల్లా రించెన్ జో లా దాటేలా చూసుకోవడం మంచిది. అక్టోబరులో ఆకాశం నిర్మలంగా ఉంటుందన్నది సాధారణంగా నిజమే గానీ, బంగాళాఖాతంలో తుపాను లేస్తే ఆ మాట చెల్లదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను మనందరికీ గుర్తే. దాని శేషం ఉత్తరానికి వెళ్లి, రెండు రోజుల తర్వాత నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో భారీ హిమపాతంగా మారి 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. అందువల్ల మీకు దారిలో శాటిలైట్ ఫోన్ గానీ, సందేశాలు పంపే శాటిలైట్ పరికరం గానీ ఉంటే, అక్కడి వాతావరణంతోపాటు బంగాళాఖాతం పరిస్థితి కూడా రెండు రోజులకొకసారి ఎవరైనా మీకు తెలియజేసేలా ఏర్పాటు చేసుకోండి. ప్రణాళికలో ఖాళీగా మూడు రోజులు వదలండి. వాటిని దృశ్యాలు చూడటానికి ఖర్చు చేయకుండా మంచు కోసం దాచుకోండి.

అనుమతుల విషయం పెద్ద చిక్కేమీ కాదు. భూటాన్‌లో లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా ట్రెక్కింగ్‌కు వెళ్లనివ్వరు. భారతీయులకు వీసా అక్కరలేదు; పాస్‌పోర్టు గానీ ఓటరు గుర్తింపు కార్డు గానీ చూపి ప్రవేశ అనుమతి తీసుకోవాలి. భూటాన్ ప్రభుత్వం పర్యాటకుల దగ్గర తీసుకునే సుస్థిర అభివృద్ధి రుసుము భారతీయులకు రాత్రికి 1,200 రూపాయలు. పారో, థింపూల్లో ఉండే రోజులతో కలిపి 30 రాత్రులకు లెక్క వేస్తే 36,000 అవుతుంది. గైడ్, వంటవారు, గుర్రాలు, జడలబర్రెలు, గుడారాల ఖర్చు దీనికి అదనం, చాలా ఎక్కువ కూడా. నిర్వాహకులతో మాట్లాడేటప్పుడు ధర కన్నా ముందు మూడు ప్రశ్నలు అడగండి. గైడ్ ఇంతకుముందు లునానా దాటాడా? ఎత్తు జబ్బుకు వాడే ప్రెషర్ బ్యాగ్ వెంట తెస్తారా? మంచువల్ల ఆగిపోతే అదనపు రోజుల తిండికి, జంతువులకు ఏర్పాటు ఏమిటి? మూడో ప్రశ్నకు తడుముకునేవారితో వెళ్లకపోవడమే మేలు. రాయల్ భూటాన్ హెలికాప్టర్ సర్వీసెస్ 2015 నుంచి పనిచేస్తోంది కాబట్టి, 6,000 మీటర్ల వరకు హెలికాప్టర్ ఖర్చు భరించే బీమా తప్పనిసరిగా తీసుకోండి. కానీ మబ్బు కమ్మితే హెలికాప్టర్ రాలేదు. మనిషికి ప్రమాదం ముంచుకొచ్చేది కూడా తరచుగా అలాంటి రోజునే.

శరీరాన్ని సిద్ధం చేయడానికి కనీసం ఆరు నెలలు కావాలి. ఒక రోజు బాగా నడవగలగడం ఇక్కడ పనికిరాదు. అలసిన కాళ్లతో మర్నాడు, ఆ మర్నాడు కూడా ఆరేడు గంటలు నడవగలగాలి. కాబట్టి వారానికి రెండు రోజులు వరుసగా, ఏడెనిమిది కిలోల సంచి వీపున వేసుకుని దీర్ఘంగా నడవడం అలవాటు చేసుకోండి. మెట్లు ఎక్కడంతోపాటు దిగడాన్ని కూడా అంతే శ్రద్ధగా సాధన చేయండి, ఎందుకంటే తరీనా వైపు దిగే నిట్టనిలువు వాలు మీద ఊపిరి కంటే ముందు మోకాళ్లు మొరాయిస్తాయి. 4,500 మీటర్లకు పైన కనీసం ఒకసారి కొన్ని రాత్రులు గడిపి ఉండాలి. ఆ ఎత్తున మీ శరీరం ఎలా స్పందిస్తుందో మొదటిసారి తెలుసుకునే చోటు లునానా కాకూడదు.

ఎత్తుకు అలవాటు పడే పద్ధతి అందరికీ తెలిసిందే: 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తున ఆగాలి. ఈ దారిలో ఆ సూత్రం పాటించడం కష్టమయ్యే చోట్లు ఉన్నాయి. రొడోఫు దాదాపు 4,160 మీటర్లు, తర్వాతి బస నారెథాంగ్ 4,900 మీటర్లు. ఒక్క రోజులో 700 మీటర్లకు పైగా తేడా. అందువల్ల రొడోఫులో ఒక రోజు ఆగి, పగలు పైకి నడిచి సాయంత్రం కిందికి వచ్చి పడుకోవాలి. సమయం ఆదా చేయడానికి పారో భాగం వదిలేసి గాసా నుంచి నేరుగా లయాకు వెళ్లి మొదలుపెట్టేవారున్నారు. నేను దాన్ని సమర్థించను. జాంగోథాంగ్, న్యిలే లా, సించే లా మీదుగా వచ్చిన ఆ పది రోజులే, లునానా కనుమల మీద మీ రక్తానికి కావలసిన బలాన్ని సమకూరుస్తాయి. ఎసిటాజోలమైడ్ మాత్ర, ఎక్కువగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తు జబ్బు రాకుండా ముందు జాగ్రత్తగా వాడతారు. సల్ఫా మందులు పడనివారు ముఖ్యంగా వైద్యుణ్ణి అడిగే తీసుకోవాలి. డెక్సామెథసోన్, నిఫెడిపిన్ ఆ జబ్బు ముదిరినప్పుడు అత్యవసరంలో వాడే మందులు. వాటిని ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలో వైద్యుడి చేత కాగితం మీద రాయించుకుని మందుల పెట్టెలోనే ఉంచండి, ఎందుకంటే ఆ స్థితిలో ఉన్న మనిషికి జ్ఞాపకం పనిచేయదు.

గుర్తుపట్టడం నేర్చుకోవలసింది రెండు ప్రమాదాలను. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు ముదరడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి సూచన. మాట తడబడటం, నడక తూలడం మెదడు వాపుకు సూచన. రెండోదానికి తేలికైన పరీక్ష ఉంది: నేల మీద ఒక తాడు పరచి, ఒక పాదం మడమకు మరో పాదం బొటనవేలు ఆనించి పది అడుగులు వేయించాలి. రొడోఫులో మా బృందంలోని ఒకరికి ఉదయం ఈ పరీక్ష పెట్టాము. టీ తాగుతూ మామూలుగానే మాట్లాడుతున్న మనిషి, తాడు మీద నాలుగో అడుగుకే పక్కకు ఒరిగి గుడారం కొయ్యను పట్టుకున్నారు. “చెప్పు జారింది” అన్నారు. రెండోసారీ అలాగే జరిగింది. ఆ పూటే ఒక సహాయకుణ్ణి తోడిచ్చి లయాకు, అక్కడి నుంచి గాసాకు దింపేశాము. దిగుతున్న కొద్దీ ఆయన తేరుకున్నారు. ఒక్క రోజు ఆలస్యంగా, నారెథాంగ్‌లో అది బయటపడి ఉంటే మా పని అంత తేలికయ్యేది కాదు. అందుకే లయా తర్వాత ప్రతి ఉదయం అందరికీ, గైడ్‌కు కూడా, ఈ పరీక్ష పెట్టే అలవాటు చేసుకోండి.

సామాను గురించి కొద్దిగా చెబితే చాలు. సున్నాకు 15 నుంచి 20 డిగ్రీలు తక్కువ చలికి తట్టుకునే స్లీపింగ్ బ్యాగ్, ఇంతకుముందే వంద కిలోమీటర్లైనా నడిచి కాలికి అలవాటైన బూట్లు, మంచు లోపలికి రాకుండా గెయిటర్లు, బూట్లకు తొడిగే మైక్రోస్పైక్స్, రెండు చేతికర్రలు, మంచు మీది వెలుగును ఆపే కళ్లద్దాలు ముఖ్యం. గుర్రాలు, జడలబర్రెలు ప్రాంతం మారినప్పుడల్లా మారుతుంటాయి, ఒక్కోసారి ఒక పూట ఆలస్యంగా వస్తాయి. కాబట్టి ఒక రాత్రి గడవడానికి కావలసిన వెచ్చని బట్టలు, మందులు మీ వీపు సంచిలోనే ఉండాలి. అడవి కట్టెలు వాడటం నిషిద్ధం కనుక గ్యాస్ సరిపడా ఉందో లేదో లయాలోనే చూసుకోండి. 5,000 మీటర్ల ఎత్తున నీరు సుమారు 83 డిగ్రీలకే మరుగుతుంది, ప్రెషర్ కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగానే ఉండిపోతుంది.

లునానాలో గుడారం నది ఒడ్డు పల్లంలో వేయనివ్వకండి. 1994 అక్టోబరు 7న అక్కడి లుగ్గే హిమానీ సరస్సు కట్ట తెగి, ఫో ఛూ నదికి వచ్చిన వరద దిగువన పునాఖా వరకు పోటెత్తి 21 మందిని బలిగొంది. చోజో, థాంజాల మధ్య ఇసుక మేటలు వేసిన ఆ విశాలమైన లోయ నేల చదునుగా, గుడారానికి అనువుగా కనిపిస్తుంది. అయినా పక్కనున్న మెట్ట మీదికి వెళ్లండి.

జిచు డ్రామోలో రాత్రి ఎలా గడుస్తుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగమే ఉంటుంది. నిద్రలో ఊపిరి కాసేపు ఆగి, ఒక్కసారిగా బలంగా తీసుకుని ఉలిక్కిపడి లేస్తారు. ఆ ఎత్తున ఇది మామూలే. మన ఊపిరిలోని తేమ గుడారం లోపలి గుడ్డకు తెల్లని పొడిలా పేరుకుని, తెల్లవారి కదిలితే మెడలో రాలుతుంది. నీళ్ల సీసాను తలకిందులుగా పెడితే మంచు అడుగు వైపు కడుతుంది, మూత మాత్రం తిరుగుతుంది. మర్నాడు తొడిగే మేజోళ్లను, కెమెరా బ్యాటరీలను, మందుల సీసాలను స్లీపింగ్ బ్యాగ్ లోపలే పెట్టుకోండి. వెలుగు రాకముందే బయలుదేరండి. కనుమ అక్కడి నుంచి 300 మీటర్ల లోపు ఎత్తే, కానీ మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. నాలుగడుగులకొక ఊపిరి చాలకపోతే రెండడుగులకు మార్చుకోండి, ఆగి కూర్చోవడం కన్నా నెమ్మదిగా కదలడమే నయం. పైన ఆకాశం తేటగా ఉంటే, ఇంతవరకు ఎవరూ ఎక్కని శిఖరాల్లో అతి పెద్దదైన 7,570 మీటర్ల గాంగ్‌ఖర్ పుయెన్సుమ్ కనిపిస్తుంది. భూటాన్ 2003 నుంచి పర్వతారోహణను పూర్తిగా నిషేధించింది. పది నిమిషాలు చూసి దిగడం మొదలుపెట్టండి.

ఆ తర్వాత చుకార్పో, థాంపే త్సో సరస్సు, 4,600 మీటర్ల థాంపే లా, మౌరోథాంగ్ మీదుగా దారి అడవిలోకి జారుతుంది. గండం గడిచిందన్న ధీమాతో మనసు సడలే రోజులివి, తడిసిన రాళ్ల మీద చీలమండలు మెలిపడేది కూడా ఇప్పుడే. కర్రలు చేతిలోంచి వదలకండి. సెఫు చేరాల్సిన తేదీకి, పారో నుంచి మీ విమానానికి మధ్య కనీసం మూడు రోజులు ఉండేలా టికెట్ తీసుకోండి. విమానం తప్పిపోతుందన్న తొందర మనసులో లేకుండా ఉంటేనే థాంజాలో ఇంకో రోజు ఆగుదామన్న మాట ఎవరి నోటి నుంచైనా వస్తుంది.